ఇనుప డబ్బాను అడిగిన మనిషి

మొన్న డోర్నకల్ జంక్షన్‌లో బండి కోసం కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. అవతలి పట్టాల మీద ఒక గూడ్సు బండి ఎండకు కాగుతూ నిలబడి ఉంది. ఉన్నట్టుండి వాన దిగింది. కాలిన ఇనుము మీద తొలి చినుకులు పడినప్పుడు ఒక వాసన లేస్తుంది. పాత తాళంచెవిని నాలుక మీద పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ వాసన నన్ను చేరిన వెంటనే ఆ బండి పెట్టెల్లో ఒకదాంట్లోంచి ఠక్కుమని శబ్దం వచ్చింది. కాసేపటికి మరొకటి. పక్కన కూర్చున్న ఆమె ఫోనులోంచి తల ఎత్తలేదు. నేను మాత్రం లేచి ప్లాట్‌ఫారం అంచు దాకా నడిచి, ఆ చప్పుడు ఏ ఎత్తు నుంచి వస్తున్నదో చెవి పెట్టి విన్నాను. కప్పు నుంచి వస్తున్నది. అప్పుడు గాని వెనక్కి వచ్చి కూర్చోలేదు. ఈ స్టేషన్‌లోనే రాజలింగం సార్ ముప్పై ఏళ్ళు పనిచేశాడు. బండి ఆగగానే సుత్తితో చక్రాలను కొట్టి, అవి మోగే తీరును బట్టి ఎక్కడ పగులు ఉందో చెప్పడం ఆయన ఉద్యోగం. మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. ఆయన గురించి రాయాలంటే, నా తెలివి వల్ల మా అమ్మను ఎట్లా పోగొట్టుకోబోయానో కూడా రాయక తప్పదు.

రిటైరయ్యాక సార్ కొడకండ్ల దగ్గర తన వాటాకు వచ్చిన భూమిలోకి వచ్చాడు. భార్య అప్పటికే పోయింది. కూతురు బెంగళూరులో ఉద్యోగం. మా తండా ఆ భూమికి ఆనుకునే ఉంటుంది. నేను పదో తరగతితో చదువు ఆపేసి, కూలికి పోతూ, వారానికి రెండు రోజులు కొడకండ్ల గ్రంథాలయానికి నడిచి వెళ్ళేదాన్ని. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకం తక్కువ. తోటకూర నుంచి తోకచుక్కల దాకా అన్నీ చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే నాకు ఎవరూ చదువు చెప్పించలేదు, నేనే తెచ్చుకున్నాను. ఒకరోజు పత్తి చేనులో అన్నం తింటూ పుస్తకం పట్టుకుని కూర్చుంటే సార్ వచ్చి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

"ఏం సదువుతున్నవ్ సరోజా?"

"చీమల గురించి సార్."

"చీమలు మన చేన్లనే ఉన్నయి గద. మల్ల పుస్తకంల ఎందుకు?"

"చేన్ల ఉన్నయి నన్ను కుడుతయి సార్. పుస్తకంలయి కుట్టవు."

ఆయన చాలాసేపు నవ్వాడు. మరుసటి రోజు నుంచి చేను పనులన్నిటికీ నన్ను పెద్దను చేశాడు. మధ్యాహ్నం పూట "ఇయ్యాల పుస్తకంల ఏమున్నదో చెప్పు" అని అడిగి, నేను చెప్పింది పూర్తిగా విని, ఎప్పుడూ ఒకే ప్రశ్న వేసేవాడు: "నువ్వు సూసినవా?" ఆ ప్రశ్న మీద నాకు లోపల కోపం ఉండేది. పుస్తకంలో ఉన్నదాన్ని మళ్ళీ చూడడమెందుకు అనుకునేదాన్ని.

ఆ ఏడు మోటార్ల రాగి తీగలను దొంగలు రెండుసార్లు కోసుకుపోయారు. నిల్వ చేసిన కందులను ఎలుకలు సగం తినేశాయి. అందుకని సార్ ఓడల మీద సరుకు తెచ్చే ఒక ఇనుప కంటెయినర్‌ను, వాడి వదిలేసినదాన్ని కొన్నాడు. పొడవాటి లారీ మీద అది మా బాటలోకి వచ్చిన రోజు తండా మొత్తం పని మానేసి చూసింది. పాత రైలు చెక్కల మీద క్రేనుతో దాన్ని దించారు. తుప్పు రంగు, పక్కన మాసిపోయిన ఏవో పరాయి అక్షరాలు, ఎడమ గోడ మధ్యలో లోపలి నుంచి బయటకు వచ్చిన ఒక ఉబ్బు. మా అమ్మ సక్రి ఆ ఉబ్బు ముందు నిలబడి చేత్తో తాకబోయి మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. మా ఇంట్లో మాట్లాడే భాషకు సొంత లిపి లేదు కాబట్టి ఆమె మాటలను తెలుగులో రాస్తున్నాను. "లోపటినుంచి ఎవలో నూకిండ్రు బిడ్డా" అంది. ఓడ మీద ఎప్పుడో లోపలి సరుకు పక్కకు ఒరిగి తగిలి ఉంటుందని సార్ చెప్పాడు. అమ్మ తల ఊపింది కాని ఆ గోడ వైపు మళ్ళీ నడవలేదు.

ఆ రోజు సార్ నన్ను లోపలికి పిలిచాడు. డబ్బాకు చిల్లులున్నాయో లేదో తెలియాలంటే లోపల నిలబడి తలుపులు మూయించాలట. బయట మా తండా అమ్మాయి కమిలి తలుపులు నెట్టి పిడి వేసింది. అంత చీకటి నేను ఎప్పుడూ చూడలేదు. అమావాస్య రాత్రికి కూడా ఆకాశం ఉంటుంది. ఇక్కడ నా చెయ్యి నాకే లేదు. నేల మీది చెక్కలోంచి ఏదో పాత వాసన, తీయగా, మందులా. సార్ గొంతు ఎక్కడి నుంచో వచ్చింది.

"సూది మొనంత ఎలుగు యాడన్న కనవడుతుందా?"

"లేదు సార్."

"మంచిగ సూడు. తొందరపడకు."

చూశాను. నా ఊపిరి వినిపించింది. ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత, ఇది నా భయమే అయి ఉంటుంది, ఆ రెండింటి మధ్య ఇంకో ఊపిరి ఉన్నట్టు అనిపించింది. అప్పుడే సార్ నా చెయ్యి పట్టుకుని తలుపు వెనక వైపు మీద పెట్టాడు. నున్నటి రేకు. "తడిమి సూడు. పిడి ఉన్నదా?"

"లేదు సార్."

"గంతే. గిది బయటినుంచే తెరుసుకుంటది. లోపటోళ్ళకు ఏం లేదు." తర్వాత పిడికిలితో తలుపును గట్టిగా గుద్ది కేకేశాడు. "కమిలీ, తెరువ్!"

తలుపు తెరుచుకునేసరికి కమిలి ముఖం పాలిపోయి ఉంది. "గంత సేపు మాటలే లేవు సార్. సచ్చిండ్రేమో అనుకున్న" అంది. లోపల మేము మాట్లాడిన ఒక్క ముక్క కూడా ఆమెకు వినిపించలేదు. ఆ ఇనుము మాటను బయటికి రానీయదు. కొడితే తప్ప.

ఆ తర్వాత డబ్బా మోగడం మొదలైంది. మొదటి వేసవిలో, పొద్దెక్కాక ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. ఠక్. ఠక్ ఠక్. ఒక్కోసారి పిడికిలితో గుద్దినట్టు బరువైన మోత. కలుపు తీసే ఆడవాళ్ళు ఆ పక్క సాళ్ళను వదిలేసి వచ్చేవాళ్ళు. చలికాలం పొద్దున తలుపు తెరిస్తే లోపల కప్పు నుంచి నీటి చుక్కలు రాలుతూ ఉండేవి. డబ్బా ఏడుస్తున్నదని తండాలో మాట పుట్టింది. సముద్రం మీద ఎవరో దాంట్లో పోయి ఉంటారని, వాళ్ళకు దారి తెలియక ఇక్కడికి వచ్చారని. అందరికీ జవాబు చెప్పే అవకాశం నాకు దొరికింది. గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకం తీసి, బొమ్మలు చూసుకుని, ఆదివారం మా ఇంటి ముందు పది మందిని కూర్చోబెట్టాను. ఇనుము ఎండకు సాగుతుంది, చల్లబడితే దగ్గరవుతుంది, ఆ సాగడంలో అతుకులు కదిలి చప్పుడు వస్తుంది. చల్లటి రేకుకు లోపలి గాలి తగిలితే అందులోని తేమ నీరవుతుంది. అంతే. సీసా మూత వేడి చేసి చూపించాను. ఒక్కొక్కరుగా ఒప్పుకున్నారు. కమిలి అయితే మరుసటి రోజు నుంచే "అక్కా, నీ డబ్బ ఆవులిస్తుంది" అని ఆటపట్టించడం మొదలుపెట్టింది. మా అమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"పుస్తకం రాసినాయన మన డబ్బను సూసిండా?" అంది.

"నువ్వు సూసినవా మరి, అందుల ఉన్న దయ్యాన్ని?"

"సూడలే. అందుకే భయం. నువ్వు దినాం పోయి వస్తున్నవ్ అండ్లకు. ఒక్క కొబ్బరికాయ కొట్టి బెల్లం పెడతా. దానికేం తక్కువయితది?"

"కొబ్బరికాయకు ఇనుము సాగుడు ఆగుతదా అమ్మా? నలుగురు నవ్వుతరు."

నలుగురూ అక్కడే ఉన్నారు. నవ్వారు. నేనే ముందు నవ్వాను. అమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ సంగతి సార్‌కు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన వేరుశనగ కాయ ఒలుస్తూ విన్నాడు. "చెప్పుడు మంచిగనే చెప్పినవ్. ఇనుము సంగతి గంతే" అన్నాడు. తర్వాత ఒడిలోని పొట్టు దులుపుకుని, "గని మీ అమ్మను నవ్వకుండ ఉండాల్సింది. భయపడేటోళ్ళ చెవులు తెరిచి ఉంటయి బిడ్డా. మనకే మూసుకుంటయి" అన్నాడు. అది నాకు ముసలివాడి మెత్తదనంగా తోచింది.

రెండేళ్ళ తర్వాత, మృగశిర కార్తె. వారంగా ఎండలు మండుతున్నాయి, వాన రాలేదు. విత్తనానికి ఉంచిన కందులు, పెసర్లకు పుచ్చు పడుతున్నదని డబ్బాలో విషపు గోలీలు పెట్టాలని అనుకున్నాం. ఆ గోలీల నుంచి వచ్చే గాలి పురుగునే కాదు, మనిషినీ చంపుతుంది. సార్ కళ్ళు చూపించుకోవడానికి మహబూబాబాద్ పోయాడు. పొద్దున వెళ్తూ, "నేనొచ్చినంక పెడదాం" అన్నాడు. మధ్యాహ్నానికి పడమటి వైపు మబ్బు కమ్మింది. ఆ గోలీలకు తడి తగలకూడదని చదివి ఉన్నాను. వాన మొదలయ్యేలోగా పని ముగించాలనుకున్నాను. తలుపులు తెరిచిపెట్టి, గోలీల డబ్బా కోసం, సందులకు అంటించే కాగితం కోసం కొట్టం దగ్గరికి వెళ్ళి వచ్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని బస్తాల మధ్య గోలీలు పెట్టుకుంటూ సగం దాకా పోయాను. గాలి తిరగడానికని చివరి గోడకు, ఆఖరి వరుసకు మధ్య మనిషి పట్టేంత సందు వదలమని సార్ ఎప్పుడూ చెప్పేవాడు. ఆ సందు దాకా నేను పోలేదు. మబ్బు ఉరిమింది. బయటికి వచ్చి తలుపులు నెట్టి, పిడి వేసి, తాళం వేసి, సందులన్నిటికీ కాగితం అంటించాను. చాలా శ్రద్ధగా అంటించాను.

కొట్టంలోకి చేరేసరికి వాన దంచికొట్టింది. ఆ చప్పుడులోంచి డబ్బా మోగింది. ఎప్పుడూ లేనంతగా, ఎడాపెడా. కమిలి గడ్డి మోపు మీద కూర్చుని ఉన్నది కాస్తా లేచింది.

"అక్కా, ఇయ్యాల ఆవులిస్తలేదు. కొట్టుకుంటుంది."

"కాలిన ఇనుము మీద సల్లటి నీళ్ళు పడ్డయి. ఒక్కసారే దగ్గరవుతుంది. సీసా మూత యాది లేదా?"

"యాదికున్నది" అని కమిలి కూర్చుంది. నేను చెప్పింది పుస్తకంలో మాటకు మాట ఉంది. మేమిద్దరం వేయించిన బఠాణీలు తింటూ ఆ చప్పుడు వింటూ దాదాపు గంట కూర్చున్నాం. మెల్లగా అది తగ్గింది. అదీ పుస్తకం ప్రకారమే.

సార్ బస్సు దిగి తడుస్తూ వచ్చాడు. కళ్ళకు నల్ల అద్దాలు. తలుపు సందుల కాగితం చూసి ఆగాడు. ఒక్క చప్పుడు వినిపించింది, చిన్నది.

"లోపట ఎవలున్నరు?"

"ఎవలు లేరు సార్. గోలీలు పెట్టిన. వాన పడ్డది గద, ఇనుము..."

"నాకెరుకే. అడిగినవా?"

"ఎవర్ని సార్?"

"లోపటోళ్ళను." ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేల మీంచి ఒక రాయి తీసుకుని, తలుపు కింది వైపు, మోకాలి ఎత్తులో, మూడుసార్లు కొట్టాడు. చెవి రేకుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. పది అయింది. ఏమీ లేదు. నాకు నవ్వు వచ్చింది, ముసలాయన వానలో ఇనుముతో మాట్లాడుతున్నాడని. "ఇనుమైతే జవాబియ్యది" అన్నాడు నా వైపు చూడకుండానే. మళ్ళీ మూడుసార్లు కొట్టాడు. ఈసారి నేనూ ఆయనతో పాటు లోపల లెక్కపెట్టాను. ఆరు. ఏడు. ఎనిమిది దగ్గర, లోపల చాలా కింద నుంచి, నేల చెక్క పక్క నుంచి, మెల్లగా, ఎడం ఎడంగా వచ్చింది. ఒకటి. రెండు. మూడు.

నా మెడ మీది వెంట్రుకలు లేచి నిలబడిన సంగతి ఇప్పటికీ చర్మానికి గుర్తుంది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. సార్ తీశాడు. తలుపు తెరవగానే కుళ్ళిన వెల్లుల్లి వాసన ముఖాన కొట్టింది. తడి తువ్వాలు ముక్కుకు చుట్టుకుని, "నువ్వు ఆగు" అని నన్ను నెట్టి ఆయనే లోపలికి పోయాడు. అరవై ఏడేళ్ళ మనిషి. నేను ఆగలేదు. చివరి వరుస వెనక సందులో మా అమ్మ పడి ఉంది. పక్కన పగిలిన కొబ్బరికాయ, ఆకులో బెల్లం, ఆరిపోయిన దీపం, చేతి దగ్గర నీళ్ళ చెంబు. ఇద్దరం ఈడ్చుకుంటూ వానలోకి తెచ్చాం. కమిలి అప్పటికే ఫోను చేస్తున్నది. అంబులెన్సు వచ్చేదాకా సార్ అమ్మ తలను పక్కకు తిప్పి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కక్కుతున్న ప్రతిసారీ, "కక్కు అక్కా, కక్కు, మంచిదే" అంటూ.

జనగామ పెద్ద దవాఖానలో ఆరు రోజులున్నాం. నాలుగో రోజు అమ్మ సరిగ్గా మాట్లాడింది. నేను డబ్బా తెరిచిపెట్టి కొట్టానికి వెళ్ళినప్పుడు లోపలికి దూరిందట. నా కోసమే, నన్నేమీ చెయ్యవద్దని దానికి మొక్కడానికి. నేను తిరిగి వచ్చిన అలికిడి విని బస్తాల వెనక దాక్కుంది.

"నన్ను పిలవొద్దా అమ్మా? తలుపులు వేస్తుంటే కేకెయ్యొద్దా?"

"నువ్వు సూస్తే మల్ల నవ్వుతవు గద" అంది. అంతే అంది. కోపంగా కూడా కాదు.

తలుపులు పడ్డాక కాసేపటికి మళ్ళీ తెరుస్తానులే అనుకుందట. తర్వాత వాసన, తల తిరగడం. అంతకు మించి తెలియదు. వానలో అంతసేపు కొట్టింది నువ్వేనా అని అడిగాను. "నేనేడ కొట్టిన? సోయే లేదు. బయటినుంచి ఎవలో కొట్టిండ్రు, సోయి వచ్చింది. సెంబుతో కొట్టిన." అంటే ఆ గంటసేపు మోగింది ఇనుమే. నేను కమిలికి చెప్పింది అక్షరాలా నిజం. పుస్తకం తప్పలేదు, నేనూ తప్పు చెప్పలేదు. ఆ నిజం చెబుతూ బఠాణీలు తింటున్నంత సేపూ లోపల మా అమ్మ చచ్చిపోతూ ఉంది.

దవాఖాన వరండాలో సార్‌ను అడిగాను, మీకు ఎట్లా తెలిసిందని. "తెల్వది. అందుకే అడిగిన" అన్నాడు. టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ మళ్ళీ అన్నాడు: "డోర్నకల్‌ల ఖాళీ పెట్టెలకు తలుపేసి సీలు కొట్టేముందు అడిగేటోణ్ణి. అందరు నవ్వేటోళ్ళు. ముప్పై ఏండ్లు అడిగిన బిడ్డా. ఒక్కనాడు జవాబు రాలే. మొన్ననే వచ్చింది." ఆ మాట అని, టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజు గాని, తర్వాత గాని. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఒక్క సంగతి మాత్రం మేమిద్దరం తేల్చలేదు. ఇంటికి వచ్చాక అమ్మ చెంబు కడుగుతూ యథాలాపంగా అంది, "రెండే కొట్టిన. మూడోసారి చెయ్యి లేవలే" అని. సార్, నేను, ఇద్దరం మూడు విన్నాం. విషం తలకెక్కిన మనిషి లెక్క అది, పట్టించుకోనక్కరలేదని అనుకోవచ్చు. మూడోది ఇనుముది కావచ్చు. సార్‌కు చెబితే తల ఊపి, "తెల్వది అని రాసుకో" అన్నాడు. అన్ని పుస్తకాలు చదివి నేను ఎప్పుడూ రాయని మాట అది. అప్పటి నుంచి చదివినవి రాసుకునే నోటు పుస్తకంలో దానికొక పేజీ ఉంది.

సార్ పోయి రెండేళ్ళయింది. నిద్రలోనే పోయాడు. ఆయన కూతురు భూమిని మా మహిళా సంఘానికి కౌలుకిచ్చింది. డబ్బా బాధ్యత నాది. అమ్మ ఇప్పుడు బెల్లం తలుపు ముందు, అందరూ చూస్తుండగానే పెడుతుంది. నేను ఆమె పక్కనే నిలబడతాను. తలుపులు మూసే ముందు ఆఖరి సందు దాకా నడిచి, బస్తాల వెనక చెయ్యి పెట్టి తడిమి వస్తాను. మూశాక రాయి తీసుకుని మోకాలి ఎత్తులో మూడుసార్లు కొడతాను. ఈ మధ్య కొత్తగా పనికి వచ్చిన ఒకామె, "ఇప్పుడే సూసి వస్తివి గద అక్కా, లోపట ఎవలు లేరని నీకెరుకే గద" అంది.

"ఎరుకే" అన్నాను, చెవి రేకుకు ఆనించి.

లోపల ఏమీ ఉండదు. నా రక్తం మోత, దూరంగా ట్రాక్టరు. అయినా ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ వీపు చల్లబడుతుంది. తొమ్మిది లెక్కపెడతాను. పది లెక్కపెడతాను. అప్పుడే తాళం వేస్తాను.